మగ్గం గదికి ఏసీ

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో మా వీధికి మొట్టమొదటి ఏసీ వచ్చింది. వచ్చింది మా ఇంటికే. అయితే మనుషులు పడుకునే గదికి కాదు, మగ్గం గదికి. గద్వాలలో అప్పటిదాకా నేను గోడకు బిగించే ఏసీని చూసింది ఒక్క విత్తనాల కంపెనీ ఆఫీసులోనే. నేతపని వాళ్ల వీధిలో అలాంటిది పెడుతున్నారని తెలిసి ఆడామగా పనులు వదిలి చూడటానికి వచ్చారు. సాయన్న మగ్గానికి ఉక్కపోస్తోందట అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ, చేతుల్లో పనివాళ్లకిచ్చే చాయ్ గ్లాసులు ఉండబట్టి ఊరుకున్నాను.

సాయన్న మా మామ. యాభై ఏళ్లుగా గద్వాల చీరలు నేసిన మనిషి. ఆయనకు దమ్ము, అంటే ఉబ్బసం ఉంది. అంతకుముందు ఎండాకాలం చీర నేస్తూ నేస్తూనే ఊపిరాడక ముందుకు వాలిపోతే, కారు మాట్లాడుకుని కర్నూలు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు వేడి పడదన్నాడు, తేమ పడదన్నాడు, దుమ్ము పడదన్నాడు. మగ్గం సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు. మామ ఆ ఊపడం చూడనట్టే గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

మా ఆయన పాండు మగ్గం చప్పుడు మధ్యే పుట్టి పెరిగాడు. కానీ మా పెళ్లికి ముందే అది వదిలి విత్తనాల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరాడు. తండ్రి ప్రాణం ఆ గదిలోనే పోతుందని అతని భయం. శివరాత్రి వెళ్లిన మూడో రోజు అన్నం దగ్గర తేల్చి చెప్పాడు. ఈ ఎండాకాలం ఒక్కసారి దవాఖానకు పోవాల్సి వచ్చినా సరే, గుంట పూడ్చేస్తానన్నాడు. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. గుంట పూడిస్తే ఇక మగ్గం లేనట్టే. మామ కోపగించుకోలేదు. మిరుగు దాకా చూడమన్నాడు. మృగశిర వస్తే ఎండలు తగ్గుతాయి, అప్పటిదాకా గడిస్తే ఇంకో ఏడాది తనదే అని ఆయన ఆశ. పాండు సరేనన్నాడు. అత్తమ్మ జోగులమ్మ ఇద్దరి కంచాల్లోనూ మజ్జిగ పోసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి కళ్లూ మిరుగు మీదే ఉన్నాయి.

ముందు కూలర్ అనుకున్నాం. పక్క వీధి నుంచి ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూశాం. పోగులు ఒక్కటి కూడా తెగకుండా ఎంత చక్కగా నడిచాయో చెప్పలేను. కానీ సాయంత్రానికి మామ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తడిగాలి ఆయనకు విషం. కూలర్‌ని ఆ రాత్రికే వాపసు పంపించాం. పాండు అప్పుడు ఏసీ మాట ఎత్తాడు. కంపెనీ ఆఫీసులో కూర్చుంటే గాలి పొడిగా, చల్లగా ఉంటుందని, దుమ్ము లేదని, నాయినకు అదే మందు అని వారం రోజులు ఆ పాటే పాడాడు.

నూలు సంగతి ఎవర్నైనా అడిగామా అంటే, మాలో మేమే తేల్చేసుకున్నాం. అక్కడే మా తప్పు. మా లెక్క మాకుంది. వానాకాలం చల్లగా ఉంటుంది, నూలు చెప్పిన మాట వింటుంది. ఎండాకాలం కాక, పోగు పుటుక్కుమంటుంది. కూలర్ పెడితే చల్లబడింది, పోగు ఆగింది. ఎండాకాలంలో గుంటలో నీళ్లు చల్లేదీ చల్లదనానికే. కాబట్టి నూలుకు కావాల్సింది చలువ. ఏసీ కూలర్ కంటే చలువ. ఇక అడగాల్సిందేముంది? తాతల కాలం నుంచి నేస్తున్న ఇల్లు మాది. ఒక్కరికంటే ఒక్కరికి ఆ లెక్కలో తప్పు కనబడలేదు. నేనైతే ఏసీ వైపే గట్టిగా మాట్లాడాను.

దుకాణం నుంచి యేసయ్య అనే మెకానిక్ కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చినవాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, చెప్పులు వీధి గుమ్మం దగ్గరే విడుస్తాడు. కిటికీలో పెట్టేది తీసుకుంటే తక్కువలో అయిపోతుందన్నాడు. మా మగ్గం గదికి ఉన్నది ఒకటే కిటికీ. మామ అక్కడ మాత్రం గొంతు పెంచాడు.

"కిటికీ జోలికి పోవద్దు. ఎల్తురు లేకపోతె పోగు యాడ కనబడ్తది నాకు?"

అలా గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ ఖాయమైంది. యేసయ్య టేపు పట్టి గది పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకున్నాడు. గుంట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. గుంటలోని గాలిని కూడా లెక్కలో కలపాలా వద్దా అని అతనూ పాండూ చాలాసేపు చర్చించారు. అత్తమ్మది రాయచూరు వైపు, కన్నడం కలిపి మాట్లాడుతుంది. సాకు సాకు, ఇక చాలు, గుంటకేం చలి పెడుతుందని ఇద్దర్నీ ఆపింది. చివరికి టన్నున్నరది ఖాయం చేశారు. గాలి నేరుగా మగ్గం మీద పడితే పోగులు వణుకుతాయని మామ అనడంతో పెట్టెను ఎడమ గోడకు, నేను కూర్చునే వైపు, సరిగ్గా నా తల పైన పెట్టాలని తేలింది.

గద్వాల చీర నేయడం ఒక్కరి పని కాదు. నడుమ అంతా నూలు, రెండు పక్కలా పట్టు అంచులు. దారం మోసే నాడెలు మూడు తిరగాలి. నడుమా కుడి అంచూ మామ చూసుకుంటే, ఎడమ పక్క గట్టు మీద కూర్చుని ఆ అంచు నాడె అందుకుని తిప్పి పంపేది నేను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి పదకొండేళ్లు అదే నా చోటు.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. మా గోడలు రాతి గోడలు. రాగి గొట్టం పోయేంత రంధ్రం చేయడానికే ఒక పూట పోయింది. పెద్ద పెట్టెను మిద్దె మీదికి ఎక్కించారు. నీళ్లు పోయే సన్న గొట్టాన్ని పెరట్లోకి వదిలారు. చల్లగాలి పోకుండా గదిలో సందులన్నీ మూయాలని యేసయ్య చెబితే, పై కప్పు కింద ఉన్న గవాక్షాలు రెండింటినీ నేనే మట్టి కలిపి శ్రద్ధగా మెత్తాను. అత్తమ్మ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. పాండు రిమోట్ నొక్కాడు. గాలి వచ్చింది. నాకు మెడ మీద చలి పుట్టి ఒళ్లు జలదరించింది. మామ గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని ఊపిరి ఛాతీ నిండా పీల్చాడు. ఆ ఊపిరి ఏ చప్పుడూ లేకుండా లోపలికి పోయి, చప్పుడు లేకుండా బయటికి వచ్చింది. పాండు నా వైపు చూశాడు. మేమిద్దరం అంత సంతోషంగా ఒకర్నొకరు చూసుకుని చాలా రోజులైంది.

రెండు రోజులు బాగా సాగింది. మూడో రోజు నడుమ నూలు పోగులు తెగడం మొదలైంది. పూటకు నాలుగైదు తెగడం మామూలే. ఆ రోజు మధ్యాహ్నానికి నలభై దాటాయి. మామ ప్రతి పోగునూ వెతికి పట్టి ముడి వేయడం, రెండు వేళ్ల నేత నేయడం, మళ్లీ టప్పుమనడం. గంజి సరిగ్గా పెట్టలేదని నా మీద విసుక్కున్నాడు. నేను సావుకారు ఇచ్చిన నూలే పాతదన్నాను. మాకు నూలూ పట్టూ ఇచ్చి, చీర తీసుకుపోయేది ఆయనే. మరునాడు ఇంకా ఎక్కువ తెగాయి. పట్టు అంచులకు ఏమీ కాలేదు, నూలుకే ఈ గతి.

ఐదో రోజు ఏసీ ఎలా నడుస్తోందో చూడటానికి యేసయ్య వచ్చాడు. పెరట్లో గొట్టం కింద అత్తమ్మ బకెట్ పెట్టింది, మల్లె చెట్టుకు పోయడానికి. అది నిండి పొర్లుతోంది. ఆ నీళ్లెక్కడివని మామ అడిగాడు.

"మీ గదిలయే సాయన్నా. గాలిల ఉన్న తడిని మిషన్ గుంజి బయట పడేస్తది. అందుకే నీకు దమ్ము తగ్గింది" అన్నాడు యేసయ్య, తన పని తాను బాగా చేశానన్న తృప్తితో.

యేసయ్య వెళ్లిపోయాక మామ బకెట్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్లలో చెయ్యి ముంచి తీసి వేళ్లు చూసుకున్నాడు.

"ఇయి నూలు తాగే నీళ్లు చంద్రీ" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. నూలుకు కావాల్సింది చలువ కాదు, తడి. కూలర్ ఇచ్చిందీ అదే, వానాకాలం ఇచ్చేదీ అదే. ఆయన ఊపిరికి ఏది పడదో అదే నూలుకు ప్రాణం. ఇంత చిన్న సంగతి ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు.

అయినా మామ ఓటమి ఒప్పుకోలేదు. బకెట్ నీళ్లు తెచ్చి గుంటలో పోశాడు. తడి గోనెసంచిని మగ్గం మీది నిలువు పోగుల పడుగు కింద పరిచాడు. ఏసీ ఆ నీళ్లన్నీ నిదానంగా లాగి మళ్లీ పెరట్లో బకెట్‌లో పోసింది. మేం మళ్లీ తెచ్చి గుంటలో పోశాం. మూడు రోజులు ఇదే పని. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాలుగో రోజు పొద్దున పాండు బండి వీధి మలుపు తిరగగానే మామ రిమోట్ అందుకుని ఏసీ ఆపేశాడు.

పాండుకు చెబుదామన్నాను. మామ నాడె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏసీ పనికొస్తలేదని తెలిస్తె వాడు రేపే గుంట పూడుస్తడు. జర ఓపిక పట్టు చంద్రీ. మిరుగు ఎంతో దూరం లేదు" అన్నాడు.

ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. మామూలుగా నా మీద అరిచే మనిషి. నేను కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ చోటు పోగొట్టుకోవాలని లేదు. ఎడమ గట్టు మీద కూర్చుని నాడె అందుకునేటప్పుడు నేను కోడల్ని కాదు, వంటమనిషిని కాదు. ఆ కొన్ని గంటలు నాకూ ఒక విద్య ఉన్నట్టుండేది. మామను కాపాడుతున్నానని అప్పట్లో చెప్పుకున్నాను గానీ, అందులో నా స్వార్థం కూడా ఉంది.

అలా నెల రోజులు గడిచాయి. పాండు రెండింటికి అన్నానికి వచ్చేవాడు, ఆరింటికి పని అయిపోయి వచ్చేవాడు. పదిహేను నిమిషాల ముందు ఏసీ వేసేవాళ్లం. అతను వచ్చి గడపలో నిలబడి చల్లగాలికి ముఖం పెట్టి నవ్వేవాడు. ఎట్లుంది నాయినా అంటే, మామ మంచిగుంది అనేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మిగిలిన పొద్దంతా ఆ గది కొలిమి. పాత రోజుల్లో గవాక్షాల్లోంచి కాస్త గాలాడేది. వాటిని నేనే మూసేశాను. తెరిస్తే పాండుకు కనబడుతుంది. మామ చొక్కా విప్పేసి, తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని నేసేవాడు. పోగులు తెగడం తగ్గింది. ఆయన ఊపిరి మాత్రం రోజురోజుకీ బరువెక్కింది. అత్తమ్మకు తెలుసు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని బేడ తల్లీ, వద్దు అంది. నేను అత్తమ్మ మీదే కసురుకున్నాను.

రోహిణి కార్తె వచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎడమ అంచు నాడె నేను తిప్పి పంపాను. అది తిరిగి రాలేదు. తల ఎత్తి చూస్తే మామ రెండు చేతులూ మగ్గం మీద ఆనించి, నోరు తెరిచి, గాలి కోసం వెతుకుతున్నాడు. పెదాలు నీలంగా మారాయి.

అప్పుడు నేను చేసిన మొదటి పని రిమోట్ అందుకుని ఏసీ వేయడం. ఆయన్ని పట్టుకోవడం కాదు, అత్తమ్మను పిలవడం కాదు. పాండు వచ్చేసరికి గది చల్లగా ఉండాలని నా చెయ్యి దానంతట అదే రిమోట్ మీదికి పోయింది. ఆ తర్వాతే ఆయన భుజాలు పట్టుకున్నాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆటోలో దగ్గరి దవాఖానకు తీసుకెళ్లాం. మూతికి గాలి గొట్టం పెట్టారు, సూదులు వేశారు. సాయంత్రానికి గండం గడిచిందన్నారు. పాండు వచ్చేసరికి నేను వరండాలో బల్ల మీద ఉన్నాను. అప్పటికే ఇంటికి వెళ్లి వచ్చాడు. ఏసీ నడుస్తూనే ఉంది, గది చల్లగానే ఉంది, మరి నాయినకు ఇలా ఎందుకైంది అని అతనికి అంతు పట్టలేదు. అతని కోపానికి దొరికింది యేసయ్య. మిషన్‌లో ఏదో గ్యాస్ లీకై ఉంటుందని, సరిగ్గా బిగించలేదని ఫోన్‌లో అతణ్ణి నానా మాటలూ అన్నాడు. కాసేపటికి యేసయ్య సైకిల్ మీద వచ్చాడు. చెప్పులు వరండా బయటే విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. తన వల్ల ఒక మనిషికి ఇలా జరిగిందేమోనని అతని ముఖం వాడిపోయింది. పాండు మళ్లీ గొంతు పెంచాడు.

నేను లేచి నిలబడ్డాను.

"యేసయ్య తప్పేం లేదు. ఏసీ బందుండె. నెల రోజుల సంది పొద్దంత బందే. అది ఏస్తె తడి ఆరిపోయి నూలు తెగుతుంది. నువ్వొచ్చే యాల్లకే ఏస్తున్నం" అన్నాను.

పాండు నన్ను అలాగే చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడాలనుకున్నాను. అతను యేసయ్య భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తండ్రి ఉన్న గదిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

మూడో రోజు మామను ఇంటికి తెచ్చేసరికి గుమ్మం ముందు ట్రాక్టర్ ఎర్రమట్టి దించిపోయింది. ఆటో దిగుతూనే మామ ఆ కుప్పను చూశాడు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, పాండును పిలిచి, ఏసీని మగ్గం గదిలోంచి తీయించి ముందు గదిలో పెట్టించమన్నాడు. అంతే. అంత మామూలుగా అన్నాడు. అత్తమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో పెట్టుకుంది. యేసయ్య వచ్చి ఒక్క పూటలో పెట్టె మార్చాడు. ముందే ఒక్క మాట అడిగి ఉంటే నూలు సంగతి నేనే చెప్పేవాణ్ణి గదమ్మా అని నాతో మెల్లగా అన్నాడు. మార్చినందుకు ఏమీ తీసుకోలేదు.

మామ ఆ చల్లటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఊపిరి సాఫీగా ఆడుతోంది. అన్నం అడిగితే తింటున్నాడు, లేకపోతే లేదు. గోడ అవతల మగ్గం ఖాళీగా ఉంది. ఖాళీ అంటే పూర్తిగా కాదు. ఆ పడుగు మీద ఆఖరి చీర మూడు గజాలు మిగిలి ఉంది. అది సావుకారు సొమ్ము. నేసి ఇస్తేగాని గుంట పూడ్చడానికి లేదు. వీధిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాడు పాండు. ఒకరు సగం నేసిన చీర మీద ఇంకొకరు కూర్చోరు. ఒక్కో నేతగాడి చేతి దెబ్బ ఒక్కో తీరుగా ఉంటుంది, అతుకు కనబడితే ఇద్దరికీ పేరు చెడుతుంది.

మరునాడు పొద్దున్నే నేను గడ్డపలుగు తీసుకుని గవాక్షాల మట్టి రెండూ పగలగొట్టాను. గాలీ వెలుతురూ ఒక్కసారే లోపలికి వచ్చాయి. గుంటలో నీళ్లు చల్లాను, గోనెసంచి తడిపి పరిచాను. మామ కూర్చునే చోటికి వెళ్లి కాళ్లు గుంటలోకి దించాను. మా వీధిలో ఆడవాళ్లు కండెలు చుడతారు, అంచు నాడె అందిస్తారు. ఇంట్లో మగవాడు ఉండగా గుంటలోకి దిగరు. అత్తమ్మ వచ్చి గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, నేనెప్పుడూ కూర్చునే ఎడమ గట్టు మీదికి వచ్చి చతికిలబడింది.

"ముప్పై ఏండ్లు కూసున్న ఈడ. నడుపు" అంది.

పదకొండేళ్లు పక్కన కూర్చుని చూసిన పని, నాకు వచ్చనుకున్నాను. రాలేదు. కాలు ఒకటి తొక్కితే చెయ్యి ఇంకోటి చేసేది. పొద్దుగూకేదాకా కూర్చుంటే జానెడు కూడా కాలేదు. నడుము పట్టేసింది. పాండు సాయంత్రం వచ్చి గడపలోంచి చూసి, వెనక్కి తిరిగి పోయాడు. తిట్టినా బాగుండేది.

రెండో రోజు మామ ఏసీ ఆపమన్నాడట. దాని హోరులో మగ్గం చప్పుడు సరిగ్గా వినబడటం లేదని. కాసేపు విన్నాడు. అత్తమ్మను పిలిచి, దెబ్బ ఒక్కతీరుగా పడటం లేదని నాకు చెప్పమన్నాడు. అత్తమ్మ వచ్చి చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంత తెలిసినాయన్ని వచ్చి కొట్టుకోమను అని గోడకు వినబడేలా అరిచి, నేతను దగ్గరికి బిగించే పలకను ధనాధనా కొట్టాను. కాసేపటికి నాకే సిగ్గేసి, ముడి వేస్తున్న పోగు మీద కళ్లనీళ్లు పడ్డాయి. తుడుచుకుని, ఈసారి ఒక్కతీరుగా కొట్టడానికి ప్రయత్నించాను. మళ్లీ కబురు రాలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున నేను గుంటలోకి దిగగానే గోడ అవతల ఏసీ ఆగేది, ఎండ ముదిరేసరికి మళ్లీ మొదలయ్యేది.

మిరుగు వచ్చి వెళ్లింది. రెండు జల్లులు పడ్డాయి. గుమ్మం ముందు మట్టి కుప్ప మీద గడ్డి మొలకలు లేచాయి. మిరుగు పోయిన ఐదో రోజు, ఆదివారం, చీర ఆఖరి వేలు నేశాను. కోయకముందే మామ గోడ పట్టుకుని నిదానంగా నడిచి వచ్చాడు. పాండు వెనకాలే వచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు. దవాఖానకు పోయిన రోజు తర్వాత ఆ గదిలోకి మామ అడుగు పెట్టడం అదే మొదటిసారి.

చుట్టిన చీరను విప్పమన్నాడు. నేను గుంటలో కూర్చునే విప్పాను. ఆయన వంగి, కుడిచేతి చూపుడు వేలు గుడ్డ మీద నిదానంగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడి దాక నేను" అన్నాడు. వేలు వెంట్రుకవాసి జరిపి, "ఈడి నుంచి చంద్రి" అన్నాడు.

పాండు కూడా వంగి చూశాడు. మగ్గం వదిలేసినా కన్ను వదల్లేదు అతణ్ణి, ఆ గీత అతనికీ కనబడింది. మామ వేలు ఇంకా ముందుకు పోయింది. జానెడు తర్వాత గుడ్డ బిగుతుగా ఉన్న చోట ఆగి, ఈడ ఎవరి మీదనో కోపమున్నట్టుంది అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారలేదు. అక్కణ్ణుంచి చివరిదాకా వేలు ఎక్కడా ఆగలేదు.

అప్పుడు పాండు, ట్రాక్టరాయన ఫోన్ చేశాడని, మట్టి గుంటలో ఎప్పుడు పోయాలని అడుగుతున్నాడని తండ్రితో అన్నాడు.

"నన్నెందుకు అడుగుతవ్ రా? గుంటల కూసున్నది నేను గాదు గద. కూసున్నదాన్ని అడుగు" అన్నాడు మామ.

పాండు నా వైపు తిరిగాడు. పదహారు రోజుల తర్వాత నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి. ఆ కళ్లలో కోపం ఇంకా కాస్త మిగిలే ఉంది. దాన్ని దాచుకోకుండానే అడిగాడు.

"ఏం జేద్దాం మల్ల?"

చెప్పాలనుకుని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. క్షమించమని కూడా అడగాలనుకున్నాను.

"మట్టి వాపసు ఎత్తుకపొమ్మను. సావుకారుకు ఈ చీర ఇచ్చి, కొత్త పడుగు అడిగి తీస్కరా" అన్నాను.

పాండు చొక్కా తొడుక్కుంటూ గడప దాకా వెళ్లి ఆగాడు. సావుకారు పడుగు ఎవరి పేరు మీద ఇవ్వాలని అడుగుతాడు గదా, ఎవరి పేరు చెప్పాలన్నాడు. మామ పేరే చెప్పమనబోయాను. నేను నోరు తెరిచేలోపే మామ జవాబిచ్చాడు. పదకొండేళ్లలో చంద్రి తప్ప ఇంకో పిలుపు లేదు ఆయన నోట.

"చంద్రకళ అని చెప్పు" అన్నాడు.